హయా వేరు, అజ్ఞానం వేరు

లాలాపేట్ వంటి శ్రామిక బస్తీలలో తండ్రి నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరేసరికి కుమారుడు నిద్రపోయి ఉంటాడు, లేదా దుప్పటి మాటున ఫోను చూస్తుంటాడు. గొంతు మారే వయసులో తలెత్తే ప్రశ్నలకు ఆ ఇంట్లో జవాబు చెప్పేవారు ఉండరు. స్నేహితుల గుంపు చెబుతుంది. ఆ జవాబు తరచుగా అశ్లీల వీడియో రూపంలో ఉంటుంది.

గుంపు ఒత్తిడి పిల్లలందరిపైనా ఒకే విధంగా పనిచేయదు. "నీకు ధైర్యం లేదా?" అనే ఎగతాళిని తన విలువ తెలిసిన పిల్లవాడు నవ్వి తోసివేయగలడు. ఇంట్లో పనికిమాలినవాడని, బడిలో మొద్దు అని, బయట తన పేరును బట్టి అవమానాలు పడినవాడికి మాత్రం ఆ గుంపు మెప్పే గౌరవంగా తోస్తుంది. ఎన్నడూ ప్రశంస ఎరుగని ఆడపిల్ల ఫోనులో వినిపించిన రెండు తీపి మాటలకు నమ్మి ఫొటో పంపుతుంది. ఆపై బెదిరింపులు, గర్భం, సుఖవ్యాధులు, చదువు మాన్పించి హడావుడిగా చేసే పెళ్లి. ఇవన్నీ తెగువ వల్ల కంటే ఆత్మగౌరవం కొరవడటం వల్లనే ఎక్కువగా వచ్చిపడుతున్నాయని మా అభిప్రాయం.

2012 నాటి పోక్సో చట్టం దృష్టిలో 18 ఏళ్లు నిండనివారి అంగీకారానికి విలువ లేదు. స్నేహితుల పందెంతో మొదలైనది పదిహేడేళ్ల బాలుణ్ణి జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు నిలబెట్టగలదు. ఈ సంగతి మన పిల్లలకు ఎవరు చెప్పారు?

ఇవి మాట్లాడితే హయా పోతుందనే పెద్దలకు ఒక మనవి. సిగ్గు ధర్మాన్ని నేర్చుకోవడానికి అడ్డురాలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. స్వప్నస్ఖలనం, గుసుల్ గురించి హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) నేరుగా దైవప్రవక్త (స)నే అడిగారు. ఆయన మందలించలేదు, జవాబిచ్చారు. ఫిఖ్ గ్రంథాలు తహారత్‌తోనే ప్రారంభమవుతాయి. అటువంటి సంప్రదాయానికి వారసులమైన మనం బిడ్డల ముందు మౌనం వహించడం హయా కాదు, బాధ్యత నుండి తప్పుకోవడం.

ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. 10 నుండి 19 ఏళ్లవారి కోసం కేంద్రం 2014 జనవరిలో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. లైంగిక ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం రెండూ అందులో ఉన్నాయి. ఆ సేవలు మన బస్తీల గడపకు చేరాలి. ఉర్దూ, తెలుగు రెండూ తెలిసి, గుట్టు కాపాడే కౌన్సెలర్లు కావాలి, ఆడపిల్లలకు మహిళా కౌన్సెలర్లు కావాలి. బడి మాని మెకానిక్ షెడ్లలో పనిచేసే బాలురకూ ఈ సేవలు అందాలి. మసీదు కమిటీలు, మహిళా బృందాలు ఈ కోరికను లిఖితపూర్వకంగా అధికారుల ముందుంచాలి.

తల్లిదండ్రులు దీనికోసం ఎదురుచూడనవసరం లేదు. ఈ రాత్రి ఫోను లాక్కునే ముందు బిడ్డ పక్కన కాసేపు కూర్చోండి. తప్పు జరిగిందని తెలిసినా చేయి ఎత్తకుండా పూర్తిగా వినండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉంది. అయితే బిడ్డ మొదట పిలవవలసింది మనల్ని. ఆ నమ్మకాన్ని కలిగించవలసిందీ మనమే.