క్లాస్‌రూమ్ నుంచి కమిషన్‌కు.. మళ్లీ క్లాస్‌రూమ్‌కు: మాడభూషి శ్రీధర్ ఆర్డర్లలో ఇప్పుడు మిగిలిందెంత?

ఊళ్లో పింఛన్ ఎవరికి వస్తోంది? ఎవరికి ఆగింది? ఉపాధి పనుల మస్టర్‌లో పేరున్న మనిషి నిజంగా పనికి వచ్చాడా? బాపట్ల జిల్లా కారంచేడులో అయినా, రేపల్లె పక్కన లంక గ్రామంలో అయినా ఇలాంటి డౌట్ వస్తే తెల్ల కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఆఫీసులో ఇస్తే చాలు. ఆంధ్రప్రదేశ్ రూల్స్ ప్రకారం గ్రామ స్థాయిలో ఫీజు కూడా లేదు. మండల ఆఫీసులో అయితే 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చినప్పటి నుంచి నడుస్తున్న పద్ధతి ఇది.

2025 నవంబర్ తర్వాత ఆ కాగితానికి ఒక కొత్త జవాబు రావడానికి దారి ఏర్పడింది. "ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వడం కుదరదు." అంతే. ఒక్క లైన్.

ఈ ఒక్క లైన్ మీదే తన కెరీర్‌లో కీలకమైన ఐదేళ్లు గడిపిన తెలుగు మనిషి ఒకరున్నారు. జర్నలిస్టుగా మొదలై, లా ప్రొఫెసర్‌గా మారి, కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేసి, ఆ తర్వాత లా స్కూల్ డీన్ కుర్చీలో కూర్చున్న మాడభూషి శ్రీధర్. కమిషన్ రికార్డుల్లో శ్రీధర్ ఆచార్యులు. ఆయన ఆర్డర్లు అప్పట్లో నేషనల్ హెడ్‌లైన్స్. ఇప్పుడు వాటిలో కొన్ని కోర్టుల్లో కొట్టేయబడ్డాయి. కొన్నింటికి ఆధారమైన సెక్షనే మారిపోయింది.

పేపర్ ఆఫీసు నుంచి లా క్లాసుకు

శ్రీధర్‌ది వరంగల్. తండ్రి ఎం.ఎస్. ఆచార్య స్వాతంత్ర్య సమరయోధుడు, 'జనధర్మ' పత్రిక సంపాదకుడు. ఇంట్లోనే పత్రిక ఉన్న కుటుంబం. శ్రీధర్ కూడా మొదట జర్నలిజంలోనే ఉన్నారు. తర్వాత లా పాఠాల వైపు వచ్చి, హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. మీడియా లా ఆయన సబ్జెక్టు. తెలుగు పేపర్లలో చట్టం గురించి మామూలు మనిషికి అర్థమయ్యేలా రాసే కొద్దిమందిలో ఆయనొకరు. వార్త రాసే చేతికి చట్టం తెలిస్తే ఎలా ఉంటుందో ఆ కాలమ్స్ చదివితే తెలిసేది.

2013 నవంబర్‌లో ఆయన ఢిల్లీలో కేంద్ర సమాచార కమిషనర్ అయ్యారు. ఆ కుర్చీల్లో ఎక్కువగా కనిపించేది రిటైర్డ్ ఐఏఎస్, ఐపీఎస్ అధికారులే. చట్టం మాత్రం లా, సైన్స్, జర్నలిజం, సమాజ సేవ లాంటి రంగాల వాళ్లనూ తీసుకోవచ్చని చెబుతోంది. క్లాస్‌రూమ్ నుంచి నేరుగా వచ్చిన మనిషి కావడంతో ఆయన ఆర్డర్లు కూడా అలాగే ఉండేవి. పొడవుగా, వివరంగా, ఒక్కోసారి పాఠం చెప్పినట్టుగా. అధికారులకు అది నచ్చిందా అంటే చెప్పలేం.

జీతం వ్యక్తిగతమా?

మొదటి రోజుల్లో ఆయన ముందుకు వచ్చిన ఒక కేసు చూస్తే ఇప్పటి గొడవ మొత్తం అర్థమవుతుంది. ఢిల్లీ ప్రభుత్వంలో పనిచేసే భర్త జీతం ఎంతో చెప్పమని భార్య దరఖాస్తు పెట్టింది. అది ఆయన వ్యక్తిగత సమాచారం, ఇవ్వం అన్నారు అధికారులు. 2014లో శ్రీధర్ ఆర్డర్ ఇచ్చారు. ప్రభుత్వ ఉద్యోగి జీతం ప్రజల డబ్బు, దాన్ని వ్యక్తిగతం అని దాచలేరు, పైగా భార్యకు తెలుసుకునే హక్కుంది అన్నారు. మెయింటెనెన్స్ కేసు వేయాలన్నా, పిల్లల ఫీజు అడగాలన్నా ఆ మహిళకు ముందు కావాల్సింది ఆ జీతం అంకె. అది లేకుండా కోర్టుకు వెళ్తే భర్త ఎంత చెబితే అంత.

అప్పుడు సెక్షన్ 8(1)(జె) ఏం చెప్పేదంటే.. ప్రజా కార్యకలాపాలతో, ప్రజా ప్రయోజనంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, లేదా ఒక మనిషి ప్రైవసీలోకి అనవసరంగా చొరబడే సమాచారాన్ని ఆపొచ్చు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే అదీ ఇవ్వొచ్చు. దీనికి ఒక తోక కూడా ఉండేది. పార్లమెంటుకు, అసెంబ్లీకి ఇవ్వక తప్పని సమాచారాన్ని సామాన్యుడికీ కాదనకూడదు. లా విద్యార్థులు వాదించుకోవడానికి ఇంతకంటే మంచి సెక్షన్ దొరకదు. 'వ్యక్తిగతం' అనగానే తలుపు మూసేయకుండా, ఇది పబ్లిక్ పనితో ముడిపడిందా లేదా అని అధికారి ఆలోచించి తీరాలి.

అయితే ఈ సెక్షన్ ఇరుకు కావడం ఇప్పుడు మొదలైంది కాదు. శ్రీధర్ కమిషన్‌లో చేరడానికి ఏడాది ముందే, 2012 అక్టోబర్‌లో గిరీష్ దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగుల మెమోలు, ఆస్తులు, ఆదాయ పన్ను రిటర్నుల లాంటివి వ్యక్తిగత సమాచారమే అని చెప్పింది. ఆ తర్వాత చాలా ఆఫీసుల్లో ఆ తీర్పు ఒక రెడీమేడ్ జవాబుగా మారిపోయింది.

డిగ్రీ రిజిస్టర్.. ఆ తర్వాత ట్విస్ట్

శ్రీధర్ పేరు దేశమంతా వినిపించింది ప్రధాని మోదీ డిగ్రీ వ్యవహారంలో. 2016 ఏప్రిల్‌లో అప్పటి ఢిల్లీ సీఎం కేజ్రీవాల్ రాసిన లేఖను ఆధారం చేసుకుని, డిగ్రీల వివరాలు ఇవ్వాలని ఢిల్లీ, గుజరాత్ యూనివర్సిటీలకు ఆయన ఆర్డర్ వేశారు. వెంటనే మే నెలలో అమిత్ షా, అరుణ్ జైట్లీ ప్రెస్‌మీట్ పెట్టి డిగ్రీ కాపీలు చూపించారు. ఢిల్లీ యూనివర్సిటీ కూడా డిగ్రీ అసలైనదే అంది.

అదే ఏడాది డిసెంబర్‌లో మరో దరఖాస్తుదారుడి కేసులో, 1978లో బీఏ పాసైన విద్యార్థుల రిజిస్టర్‌ను చూసుకోనివ్వాలని ఢిల్లీ యూనివర్సిటీకి ఆయన చెప్పారు. యూనివర్సిటీ రిజిస్టర్ పబ్లిక్ డాక్యుమెంట్ అన్నది ఆయన వాదన. వారాలు తిరక్కుండానే, 2017 జనవరిలో మానవ వనరుల శాఖ కేసులు ఆయన దగ్గర్నుంచి మారిపోయాయి. కేటాయింపులు మార్చే అధికారం ప్రధాన సమాచార కమిషనర్‌ది. అందులో రూల్ తప్పిందేమీ లేదు. కానీ టైమింగ్ చూసినవాళ్లకు ప్రశ్న రాకుండా ఉండదు కదా!

అదే జనవరిలో ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది. స్టే మీద స్టేగా ఎనిమిదేళ్లు పైనే గడిచాయి. 2023 మార్చి 31న గుజరాత్ హైకోర్టు 2016 ఏప్రిల్ ఆర్డర్‌ను కొట్టేసి, కేజ్రీవాల్‌కు 25 వేల రూపాయల ఖర్చులు విధించింది. 2025 ఆగస్టు 25న ఢిల్లీ హైకోర్టు 1978 రిజిస్టర్ ఆర్డర్‌నూ రద్దు చేసింది. జనానికి ఆసక్తి ఉన్న విషయం వేరు, ప్రజా ప్రయోజనం వేరు, మార్కులు, డిగ్రీలు వ్యక్తిగత సమాచారమే అన్నది ఆ తీర్పు సారాంశం. దాని మీద అప్పీళ్లు డివిజన్ బెంచ్ ముందుకు వెళ్లాయి.

హైకోర్టు లాజిక్‌ను తేలిగ్గా తీసేయలేం. రేపు ఎవరో ఒకరు పక్కింటి అమ్మాయి ఇంటర్ మార్కులు అడిగితే ఇచ్చేయాలా? 2017 ఆగస్టులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని తొమ్మిది మంది జడ్జిల బెంచ్ చెప్పాక ఈ ప్రశ్నకు బరువు పెరిగింది. కాకపోతే పక్కింటి అమ్మాయికీ, ఎన్నికల అఫిడవిట్‌లో తన చదువు రాసి ఓటు అడిగే నాయకుడికీ ఒకే కొలత పెట్టడం దగ్గరే అసలు చిక్కు. పాత 8(1)(జె) ఆ తేడా చూడమని చెప్పేది.

అన్నీ ఓటములేనా?

కాదు. 2018 నవంబర్‌లో, పదవీకాలం ముగియడానికి కొద్ది రోజుల ముందు, శ్రీధర్ నేరుగా ఆర్బీఐ గవర్నర్ ఉర్జిత్ పటేల్‌కు షోకాజ్ నోటీసు ఇచ్చారు. డబ్బుండీ అప్పు ఎగ్గొట్టిన వాళ్ల పేర్లు బయటపెట్టమంటే ఎందుకు పెట్టలేదని. బ్యాంకుల సమాచారం దాచొద్దని 2015 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఆర్బీఐ పక్కన పెట్టిందన్నది ఆయన కోపం. ఆయన దిగిపోయాక, 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఆర్బీఐని గట్టిగానే మందలించింది. 2015 తీర్పు పాటించాల్సిందే, ఇదే చివరి అవకాశం అని చెప్పింది.

ఆ ఏడాదే, 2018 జులైలో, తోటి కమిషనర్లకు ఆయన ఒక లేఖ రాశారు. కమిషనర్ల జీతం, పదవీకాలం కేంద్రం చేతిలోకి వెళ్తే కమిషన్ స్వతంత్రత పోతుందని, సవరణ బిల్లును వ్యతిరేకించాలని కోరారు. 2019 జులైలో ఆ సవరణ పాసైపోయింది. అక్టోబర్‌లో వచ్చిన రూల్స్‌తో ఐదేళ్ల పదవి మూడేళ్లకు తగ్గింది. కుర్చీలో ఉండగానే ఆ మాట చెప్పారన్నది గమనించాల్సిన విషయం. రిటైరయ్యాక ధైర్యం వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు.

డీన్ కుర్చీలో

కమిషన్ తర్వాత ఆయన పాత వృత్తికే వచ్చారు. బెనెట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా, ఆ తర్వాత హైదరాబాద్ మహీంద్రా యూనివర్సిటీ లా స్కూల్ డీన్‌గా పనిచేశారు. ఇలాంటి ప్రైవేటు లా స్కూళ్లలో డీన్ అంటే అడ్మిషన్లు, ప్లేస్‌మెంట్లు, కార్పొరేట్ ఫర్మ్‌ల లెక్కే ముందు కనిపిస్తుంది. సెకండ్ అప్పీళ్లు స్వయంగా విన్న మనిషి ఆ కుర్చీలో ఉంటే విద్యార్థికి దొరికే పాఠం వేరు. ఆర్డర్ ఎలా రాయాలో మాత్రమే కాదు, రాసిన ఆర్డర్ హైకోర్టులో ఎలా ఆగిపోతుందో కూడా అనుభవం మీద చెప్పగలరు.

లా విద్యార్థులకు కారంచేడు కొత్త పేరు కాదు. 1985 జులై 17న ఇక్కడ దళితుల మీద జరిగిన దాడిలో ఆరుగురు చనిపోయారు. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ అది. దానికి నిరసనగా బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ ప్లీడర్ పదవి వదిలేశారు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం పాఠం చెప్పాలంటే ఈ ఊరి పేరు తీయకుండా చెప్పడం కష్టం. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 2008 డిసెంబర్. అంటే 23 ఏళ్లు. తర్వాతి ఏడాదుల్లో ఇలాంటి ఊళ్లలో బాధితులకు రావాల్సిన ఇళ్లు, భూములు, సాయం ఎంతవరకు వచ్చాయో కాగితం మీద తెలుసుకోవాలంటే జాబితాలు కావాలి. జాబితాల్లో ఉండేవి మనుషుల పేర్లే.

ఇప్పుడు ఏం మారింది?

డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. అందులోని సెక్షన్ 44(3), 2025 నవంబర్‌లో అమల్లోకి వచ్చి సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ను కుదించేసింది. ప్రజా కార్యకలాపం, అనవసర చొరబాటు, పార్లమెంటు తోక.. అన్నీ పోయాయి. మిగిలింది 'వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది' అన్న మాట మాత్రమే. భర్త జీతం అడిగిన ఆ మహిళ ఇవాళ దరఖాస్తు పెడితే, అధికారి ఆలోచించాల్సిన పని చాలా తగ్గింది.

కేంద్రం మాట ఏంటంటే, కంగారు అక్కర్లేదు, సెక్షన్ 8(2) అలాగే ఉంది, ప్రజా ప్రయోజనం ఎక్కువైతే ఏ సమాచారమైనా ఇవ్వొచ్చు, చట్టం ప్రకారం బయటపెట్టాల్సినవి బయటే ఉంటాయి అని. పేపర్ మీద అది నిజమే. కానీ 8(2) కింద ఇవ్వాలా వద్దా అని తూకం వేయాల్సింది మండల ఆఫీసులో కూర్చున్న సమాచార అధికారి. ఇస్తే పైవాళ్లు ఏమంటారో అన్న భయం ఉన్నవాడు ఇవ్వకపోవడానికే మొగ్గు చూపుతాడు. దరఖాస్తుదారుడు 30 రోజుల్లో మొదటి అప్పీలు, తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కు సెకండ్ అప్పీలు వేసుకోవాలి. కూలి మానుకుని తిరగాల్సిన పని అది.

లా కాలేజీల్లో లీగల్ ఎయిడ్ క్లినిక్‌లు ఉండాలని రూల్స్ చెబుతున్నాయి. వాటిని కాలేజీ బోర్డు మీద నుంచి ఊళ్లోకి తెచ్చే పని డీన్‌లు చేయగలరు. నాగార్జున యూనివర్సిటీ నుంచి కారంచేడు ఏమంత దూరం కాదు. నెలకోసారి నలుగురు విద్యార్థులు వచ్చి అప్పీళ్లు రాసిపెట్టినా చాలా తేడా వస్తుంది.

ఇప్పటికైతే పింఛన్ జాబితా అడిగేవాళ్లకు పనికొచ్చే మాట ఒకటుంది. సబ్సిడీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రకటించాలని సెక్షన్ 4(1)(బి)లోని 12వ అంశం చెబుతోంది. దాన్ని ఎవరూ మార్చలేదు. దరఖాస్తులో ఆ అంశం నంబరు, దాంతోపాటు సెక్షన్ 8(2) రాసి, సమాచారం ఎందుకు ప్రజలకు అవసరమో రెండు లైన్లు కలిపితే, 'వ్యక్తిగతం' అని తిప్పి పంపే అధికారి కారణం కూడా రాతపూర్వకంగా ఇవ్వాల్సి వస్తుంది. అప్పీలులో మొదట చూసేది ఆ కాగితాన్నే.