అడ్డుపలక తీసేసిన వాళ్ళం

హైదరాబాద్‌లో హోటళ్ళు నడిపే మేము తందూరును తట్టి చూసి కొంటాం. డేక్షా మందం వేలితో తడిమి చూస్తాం. గ్రైండర్ వారంటీ ఇంకో ఆరు నెలలు పెంచమని గంటసేపు బేరమాడతాం. గ్రీజ్ ట్రాప్‌ను మాత్రం మూత కూడా ఎత్తకుండా కొంటాం. కిచెన్ కాంట్రాక్టరు కొటేషన్‌లో ఎక్కడో అడుగున అదొక లైను. సింకు కింద ఎంత జాగా మిగిలితే అంత సైజు. రోజుకు ఎన్ని ప్లేట్లు కడుగుతాం, గంటకు ఎన్ని లీటర్లు పోతాయి అని లెక్కేసి ఆ పెట్టెను కొన్న ఓనరు నాకింతవరకూ తగల్లేదు. నేనూ లెక్కేసి కొనలేదు. లైసెన్సు ఫైలుకు ఒక ఫొటో కావాలి, తీసి పెట్టాం. మర్నాటి నుంచి దాని మీద ఉల్లిగడ్డ బస్తాలు.

అర్థం కానంత యంత్రమా అంటే, కాదు. మోటారు లేదు, వైరు లేదు, తిరిగేదేదీ లేదు. అంట్ల సింకు నుంచి దూకుతూ వచ్చిన నీళ్ళు అందులో కాసేపు నెమ్మదించాలి, చల్లారాలి. అప్పుడు నెయ్యీ నూనే పైకి తేలి తెట్టు కడతాయి, మెతుకులు అడుక్కి దిగుతాయి. బయటికి పోయే గొట్టానికి ముందు నిలువుగా ఒక అడ్డుపలక ఉంటుంది. అది అడుగుదాకా దిగదు. మధ్యలో కాస్త తేరిన నీళ్ళు మాత్రం ఆ పలక కిందుగా దూరి మోరీలోకి పోతాయి. తెట్టూ మడ్డీ కలిసి పెట్టె లోతులో పావు వంతుకు చేరాయంటే తోడెయ్యాల్సిందే. ఇంకా ముప్పావు ఖాళీ ఉందిగా అనిపిస్తుంది కానీ, ఆపైన నీళ్ళకు నిలబడే తీరిక ఉండదు, జిడ్డును మోసుకునే పోతాయి. కొలవడానికి ఒక కర్ర చాలు. మా స్టోర్‌రూమ్‌లో కర్ర ఉంది, ఎలుకల కోసం.

శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి సింకులో నీళ్ళు నిలుస్తాయి. బయట టేబుళ్ళు నిండి ఉంటాయి, ప్లేట్లు తిరిగి రావు. ప్లంబర్‌ను పిలుస్తాం. అతను మూత తీసి, లోపలికి టార్చి కొట్టి, "అన్నా, ఈ పలక వల్లనే నీళ్ళు ఆగుతున్నయ్" అంటాడు. అబద్ధం కాదు, ఆపడానికే దాన్ని పెట్టారు. "అయితే తీసెయ్" అంటాం. తీసేస్తాడు. నీళ్ళు గలగలా పోతాయి. అతనికి టీ, మాకు ఊపిరి. పలక లేని ట్రాప్ అంటే కొంచెం వెడల్పైన గొట్టం, అంతే. ఒక వంటగదిలో ఆ పలక గ్రైండర్ కాలి కింద ఎత్తుకు పెట్టి ఉండగా చూశాను. ఎన్నాళ్ళ నుంచి ఉందని అడిగితే చెప్పగలిగినవాళ్ళు లేరు.

పలక ఉన్న చోటా మేం ఊరుకోలేదు. రాత్రి కొట్టు కట్టేముందు బకెట్ల కొద్దీ మరిగే నీళ్ళు పోయించాం. నెయ్యీ డాల్డా మన ఒంటి వేడికి అటూ ఇటూగా కరిగే సరుకు. వేడినీళ్ళు పోస్తే ట్రాప్‌లో గడ్డకట్టిందంతా కరిగి మా గోడ దాటుతుంది. దాటాక, వీధి కింద చల్లబడి మళ్ళీ గడ్డ కడుతుంది. అంట్ల సబ్బు చేసేదీ అదే: జిడ్డును సన్నటి తుంపరలుగా విరిచి నీళ్ళలో కలిపేస్తే పెట్టెలో అది తేలదు. డ్రైనుకు మందని డబ్బాల్లో వచ్చే పొడుల్లో చాలావాటి తంతూ ఇంతే, పల్చన చేసి ముందుకు తోస్తాయి. వాటికి నెలనెలా డబ్బు కట్టాం, ఎందుకంటే ఆ డబ్బాతో మూత తీసే అవసరం తప్పింది. మా వంటగది బాగుపడిందనుకున్న ప్రతిసారీ జరిగింది జిడ్డు చేతులు మారడమే. మా సొంత ఆస్తి ఊరి ఆస్తి అయింది.

మూత తీస్తే ఏముంటుందో ఓనర్లలో చాలామందికి తెలియదు కాబట్టి చెప్తాను. పైన పసుపు తిరిగిన బూడిద రంగు పొర, చెయ్యి ఆనిస్తే గుంట పడేంత మందం. అందులో గుచ్చుకున్న బిర్యానీ ఆకు, యాలకులు, నిమ్మచెక్కలు, ఒకటో రెండో స్పూన్లు. దాన్ని పక్కకు నెట్టితే నల్లటి నీళ్ళు. అడుగున అన్నం. బిర్యానీ హోటల్ ట్రాప్‌లో అసలు గొడవ నూనె కాదు, ఆ మెతుకులే. గాలి తగలని చోట పులిసి, కుళ్ళి, చెడిపోయిన గుడ్డు కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదుల్తాయి. ఆ గ్యాసుకు ఒక దుర్మార్గపు గుణం ఉంది. మోతాదు పెరిగితే ముక్కు పని చేయడం మానేస్తుంది, వాసన పోయింది కాబట్టి గండం తప్పిందనుకుంటాం.

మరి ఆ మూత ఎవరు తీయాలి? షెఫ్‌ను అడిగితే హౌస్‌కీపింగ్ పని అంటాడు. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ మెయింటెనెన్స్ వాళ్ళని చూపిస్తాడు. మెయింటెనెన్స్ వాళ్ళు మిషన్లు చూస్తారు, ఇది మిషను కాదు. తిరిగి తిరిగి అది అంట్లు తోమే కుర్రాడి మీద పడుతుంది. ఒడిశా నుంచో బిహార్ నుంచో వచ్చినవాడు, జీతాల పట్టీలో చిట్టచివరి పేరు. గ్లవ్స్ లేవు, మాస్కు లేదు, ఒక మగ్గు, ఒక బకెట్టు. మసాలా పాళ్ళు మూడో మనిషికి చెప్పని మా ఉస్తాదులు ఈ పని మాత్రం ఎవడికైనా వదిలేస్తారు. కులాన్ని బయట వదిలొచ్చామని వంటగదుల్లో మేం గొప్పగా చెప్పుకుంటాం కదా, గ్రీజ్ ట్రాప్ దగ్గర నిలబెట్టిన మనిషి ఎవరో చూసి అప్పుడు మాట్లాడాలి.

ఇక వీధి సంగతి. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద ఈ నగరానికి భూగర్భ డ్రైనేజీ ఊపిరి పోసుకుంది. ఆ రోజుల జనం వేరు, ఆ రోజుల వంట వేరు. రాత్రి రెండింటిదాకా బిర్యానీ వండే వీధి ఆ లెక్కల్లో లేదు. తర్వాత వేసిన లైన్ల మీదా మేం వేసిన బరువు తక్కువది కాదు. పైపులోకి చేరిన కొవ్వు విరిగి ఆమ్లాలవుతుంది. అవి గట్టి నీళ్ళలోని, కాంక్రీటులోని కాల్షియంతో కలిసి ఒకరకం సబ్బుగా మారి గోడకు పేరుకుంటాయి. మా బోరు నీళ్ళలో సున్నానికి కొదవా? లండన్‌లోని వైట్‌చాపెల్ కింద 2017లో ఇలాంటి ముద్దే దొరికింది, 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. దాని ముక్కను మరుసటి ఏడు మ్యూజియంలో పెట్టారు. మా వాట్సాప్ గ్రూపులో ఆ ఫొటో చూసి అందరం నవ్వుకున్నాం. హోటళ్ళు మడ్డిని ఆపే సిల్ట్ ఛాంబర్లు కట్టుకోవాలని, నగరానికి నీళ్ళూ డ్రైనేజీ చూసే జలమండలి చెబుతూనే ఉంది, నోటీసు వచ్చినప్పుడు నవ్వలేదు, తెలిసినవాళ్ళెవరున్నారని వెతికాం.

ఆ పైపులు అడ్డుపడితే దిగేది మనుషులే. 2016లో బెజవాడ విల్సన్‌కు మెగసెసే అవార్డు ప్రకటించారు. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టి, సఫాయి కర్మచారుల కోసం జీవితం పెట్టిన మనిషి. ఆ వార్త పాతబడకముందే, ఆగస్టులో, మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లోకి దిగినవాళ్ళూ, వాళ్ళను కాపాడబోయినవాడూ కలిపి నలుగురు చనిపోయారు. అక్కడ అడ్డుపడింది హోటళ్ళ జిడ్డేనని నేను అనడం లేదు. చుట్టుపక్కల హోటళ్ళున్న మేం ఆ ప్రశ్న వేసుకోలేదని అంటున్నాను. రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అలా చనిపోయినవాళ్ళ కుటుంబాలకు ఇవ్వాల్సిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలన్నది, 2023లో 30 లక్షలు చేసింది. జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి పోయే మినీ జెట్టింగ్ మిషన్లు తెచ్చింది. మంచి మాటే. మిషన్లొచ్చాయి కదాని మేం ఇంకొంచెం ధీమాగా ఒంపాం.

చేతకాక చేయలేదని చెప్పుకోవడానికీ లేదు. వాడేసిన వేపుడు నూనె విషయంలో ఎంత శ్రద్ధో చూడండి. మూతపెట్టిన డబ్బాలు, తూకం, నెలకోసారి వచ్చే మనిషి, చేతిలో రొక్కం. 2018లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదంది, వాడేసిన నూనెను బయోడీజిల్‌కు మళ్ళించే 'రూకో' కార్యక్రమం పెట్టింది. (కొందరి డబ్బాలు ఇప్పటికీ బజ్జీల బండి దగ్గర తేలుతున్నాయి, అది వేరే పాపం.) నూనెకు ధర ఉంది కాబట్టి చుక్క పోనివ్వం. అదే నూనె నీళ్ళలో కలిసి తెట్టు అయ్యాక కొనేవాడు లేడు, ఇక అది మాది కాదు.

రంజాన్ నెలలో ఈ లెక్క బాగా తెలుస్తుంది. హలీమ్‌కు 2010లో జీఐ గుర్తింపు వస్తే అందరం పండగ చేసుకున్నాం. ఆ నెల నెయ్యి ఆర్డరు పెంచుతాం, మాంసం పెంచుతాం, రోజుకూలీల్ని పెంచుతాం. ట్రాప్ తోడే రోజులు మాత్రం పెంచం. అడుగంటిన డేక్షాను సింకులో పెట్టకముందు కాగితంతోనో రేకుతోనో గీకి తుడిస్తే సగం గొడవ వంటగదిలోనే ఆగిపోతుందని ప్రతి ఉస్తాదుకూ తెలుసు. సింకుకు జాలీ పెట్టి, మెతుకుల్ని చెత్తడబ్బాలో వేయాలని తెలుసు. తోడాక పెట్టెను చన్నీళ్ళతో నింపితేనే మళ్ళీ పనిచేస్తుందనీ తెలుసు. గీకడానికి డేక్షాకు రెండు నిమిషాలు పడుతుంది. రద్దీ వేళ ఆ రెండు నిమిషాలకు జీతమిచ్చే మనసు మాకు లేకపోయింది.

మా ఓనర్ల సంఘం మీటింగుల్లో జీఎస్టీ మీద గంటలు మాట్లాడాం, డెలివరీ యాప్‌ల కమీషన్ మీద మాట్లాడాం, పాటలు వేసుకోవడానికి కట్టే లైసెన్సు ఫీజు మీద కూడా మాట్లాడాం. ఒక వీధిలో పది హోటళ్ళు కలిసి ట్రాప్‌లు తోడే బండి ఒకటి పెట్టుకుందాం, తోడింది సరైన చోటికి చేరిందని రసీదు తీసుకుందాం అన్నవాడు లేడు. ఇప్పుడు కొందరం బండి పిలిపిస్తున్నాం, అర్ధరాత్రి దాటాక వస్తుంది. బిల్లులో తేదీ ఉంటుంది, ట్రిప్పు రేటు ఉంటుంది. ఎక్కడ ఒంపాడో ఉండదు. అడిగితే రేటు పెరుగుతుందని తెలుసు కాబట్టి సంతకం పెట్టి ఫైల్లో పెట్టేస్తున్నాం.