పిజ్జా పొయ్యి ఎందుకు చల్లారింది?



రైతు సంఘం పత్రికలో పిజ్జా గొడవ మనకెందుకు అని మీరు అడగొచ్చు. పంటకు ధర లేక, ఎరువుకు క్యూ కట్టి, అప్పుకు వడ్డీ కట్టి అలిసిపోయి ఉన్నాం. ఇప్పుడు పట్నం వాళ్ల తిండి గురించి చదవాలా అనిపించొచ్చు. కాస్త ఓపిక పట్టండి.

పిజ్జాలో ఏముంటుంది? అడుగున గోధుమ పిండి. దాని మీద టమాటా గుజ్జు. ఆపైన పాలతో చేసిన చీజ్. ఉల్లిపాయ, క్యాప్సికం, మొక్కజొన్న గింజలు, కాస్త నూనె. వీటిలో ఏది చేలో పుట్టలేదు? ఏది పశువుల పాకలో పుట్టలేదు? పేరు ఇటలీదైనా, బ్రాండు అమెరికాదైనా, మన దేశంలో అమ్ముడయ్యే పిజ్జా వెనక ఉన్నది రైతు చెమటే. అందుకే అది అమ్ముడుపోకపోతే ఎందుకు పోలేదో మనం కూడా ఆలోచించాలి.

మన దేశంలో డామినోస్ పిజ్జా దుకాణాలు నడిపేది జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ అనే కంపెనీ. 2024 మార్చి నాటికి దానికి దాదాపు 2,000 దుకాణాలున్నాయి. ఇంత పెద్ద కంపెనీకి 2023లో పాత దుకాణాల్లో అమ్మకాలు పడిపోయాయి. ఏప్రిల్-జూన్‌లో 1.3 శాతం, జూలై-సెప్టెంబరులో మళ్లీ 1.3 శాతం, అక్టోబరు-డిసెంబరులో 2.9 శాతం తగ్గాయి. పిజ్జా హట్ పరిస్థితి ఇంకా అధ్వాన్నం. ఆ ఏడాది రెండో సగంలో దాని పాత దుకాణాల అమ్మకాలు రెండంకెల శాతం పడిపోయాయి.

పాత దుకాణాల లెక్క ఎందుకు చూడాలో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఐదెకరాల సొంత చేలో దిగుబడి పడిపోయిన రైతు ఇంకో మూడెకరాలు కౌలుకు తీసుకుని "నిరుటి కంటే పది బస్తాలు ఎక్కువొచ్చాయి" అంటే మనం నమ్ముతామా? ఎకరాకు ఎంతొచ్చిందో చెప్పమంటాం. పిజ్జా కంపెనీలు కొత్త దుకాణాలు తెరుస్తూ మొత్తం అమ్మకం పెరిగిందని చూపించాయి. దుకాణానికి ఎంత అని అడిగితే తగ్గిందని తేలింది.

పెద్దలు చెప్పిన కారణాలు

దీని మీద వ్యాపార పేజీల్లో, టీవీల్లో పెద్ద చర్చే జరిగింది. శ్రావణ మాసం, అధిక మాసం వచ్చి జనం మాంసం మానేశారని ఒకరన్నారు. జనానికి పిజ్జా మొహం మొత్తిందని ఇంకొకరన్నారు. పోటీ పెరిగిందని, వీధికో బేకరీ పిజ్జా కాలుస్తోందని, ఫోనులో నొక్కితే బిర్యానీ నుంచి దోసె దాకా ఇంటికొస్తోందని మరికొందరన్నారు.

పోటీ మాట అబద్ధం కాదు. చిన్న పట్నంలో కూడా బస్టాండు పక్కన బేకరీలో పిజ్జా దొరుకుతోంది. పక్కపక్కనే కొత్త దుకాణాలు తెరిస్తే పాత దుకాణం గిరాకీ కొంత పోతుంది, అదీ నిజమే. కానీ ఇవి మాత్రమే కారణాలైతే ఆ తర్వాత జరిగిందేమిటి?

అదే 2023లో డామినోస్ 49 రూపాయల పిజ్జా తెచ్చింది. ప్రపంచంలోనే చౌకైన పిజ్జా ఇదని ప్రచారం జరిగింది. ఆ తర్వాత 2024లో ఇంటికి తెచ్చిచ్చే చార్జీ ఎత్తేసింది. అంతే, పాత దుకాణాల అమ్మకాలు మళ్లీ లేచాయి. 2024 అక్టోబరు-డిసెంబరులో 12.5 శాతం పెరిగాయి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. శ్రావణం మళ్లీ వచ్చింది. బేకరీలు మూతపడలేదు. బిర్యానీ ఎక్కడికీ పోలేదు. జనం నాలుక మారలేదు. మారిందల్లా జేబులోంచి పోయే డబ్బు. పాతికో, ముప్పయ్యో తగ్గితే జనం తిరిగొచ్చారు. అంటే వాళ్లకు పిజ్జా చేదు కాలేదు, కొనే శక్తి సన్నగిల్లింది. పెద్దల కారణాలన్నింటి కింద దాగి ఉన్న అసలు కారణం ఇదే. 2024 అక్టోబరులో నెస్లే ఇండియా అధిపతి సురేష్ నారాయణన్ కూడా మధ్యతరగతి కుంచించుకుపోతోందని ఆందోళన పడ్డారు. మనం ఇరవై ఏళ్లుగా ధర్నాల్లో చెబుతున్న మాట చివరికి కంపెనీ పెద్దల నోటి నుంచి వచ్చింది.

జేబు ఎవరు ఖాళీ చేశారు?

ప్రభుత్వ లెక్కలే చూద్దాం. 2022-23 కుటుంబ వినియోగ సర్వే ప్రకారం పల్లెలో మనిషికి నెల ఖర్చు 3,773 రూపాయలు. పట్నంలో 6,459. పల్లె లెక్కను రోజుకు పంచితే సుమారు 126 రూపాయలు. తిండి, బట్ట, మందులు, బడి ఫీజు, బస్సు చార్జీ, ఫోను రీచార్జి అన్నీ అందులోనే. నలుగురున్న ఇంటికి రోజుకు 500. ఆ నలుగురూ ఒక పూట కడుపు నిండా పిజ్జా తినాలంటే ఆ రోజు మొత్తం ఖర్చు దానికే పోతుంది.

రైతు కుటుంబం సంగతి ఇంకా చెప్పాలా? 2018-19 జాతీయ సర్వేలో ఆంధ్రప్రదేశ్ రైతు కుటుంబం సగటు నెల ఆదాయం 10,480 రూపాయలు, తెలంగాణలో 9,403. నెత్తి మీద అప్పు ఆంధ్రలో సగటున 2,45,554, తెలంగాణలో 1,52,113. ఆంధ్రలో నూటికి 93 రైతు కుటుంబాలు అప్పులో ఉన్నాయి. ఇలాంటి దేశంలో జిల్లా కేంద్రాలు దాటి చిన్న పట్నాల దాకా పిజ్జా దుకాణాలు తెరిచి, కొనేవాళ్లు ఏరని వెతుక్కుంటే ఎలా? ఆ చిన్న పట్నంలో ఎరువుల కొట్టు, బట్టల కొట్టు, సెల్‌ఫోను కొట్టు, ఆఖరికి పిజ్జా కొట్టు కూడా నడిచేది చుట్టూ ఉన్న యాభై ఊళ్ల పంట డబ్బుతో. చెరువు ఎండితే కాలువలో నీళ్లెక్కడివి?

టమాటా చెప్పిన నిజం

ఆ 2023లోనే మన మదనపల్లె మార్కెట్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. జూలై చివరికి మేలు రకం టమాటా కిలో 200 రూపాయలకు చేరువైంది. దేశమంతా గగ్గోలు. ఉత్తర భారతంలో మెక్‌డొనాల్డ్స్ బర్గర్లలోంచి టమాటా తీసేసి బోర్డులు పెట్టింది. కేంద్ర ప్రభుత్వం ఆగమేఘాల మీద కదిలింది. నాఫెడ్, ఎన్‌సీసీఎఫ్ సంస్థలు ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో టమాటా కొని, ఢిల్లీ తదితర నగరాల్లో మొదట 90 రూపాయలకు, తర్వాత ఇంకా తగ్గించి అమ్మాయి. ఆగస్టులో నేపాల్ నుంచి కూడా దిగుమతి మొదలైంది.

టీవీల్లో "కోటీశ్వరులైన టమాటా రైతులు" అని కథనాలు. మనలో ఎంతమందికి ఆ రోజు చేలో కాయ ఉంది? వందలో నలుగురైదుగురికి ఉండొచ్చు. ఎండకు, తెగుళ్లకు పంట పోబట్టే కదా ధర పెరిగింది! ఆ కథనాలు చూసి మిగిలినవాళ్లం అప్పు తెచ్చి నారు నాటాం. సెప్టెంబరు వచ్చేసరికి కిలో పది రూపాయల లోపుకు పడిపోయింది. కోత కూలీ, క్రేట్ల బాడుగ, ఆటో చార్జీ, మండీ కమీషన్, జాక్‌పాట్ పేరుతో ఉచితంగా లాక్కునే బాక్సులు, అన్నీ పోగా చేతికొచ్చేది ఏముంది? కొందరు కాయ కోయకుండానే చేలో గొర్రెల్ని తోలారు.

అప్పుడు నాఫెడ్ లారీ రాలేదు. పట్నం వాడి కోసం ఢిల్లీ నుంచి మదనపల్లె దాకా వచ్చిన ప్రభుత్వానికి, రైతు కోసం వచ్చే దారి తెలియలేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మన పెద్దలు ఊరికే అనలేదు.

టమాటా ఒక్కటే కాదు. 2022 మే 13న గోధుమ ఎగుమతి ఆపేశారు. 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతి మీద 40 శాతం సుంకం వేశారు. అదే డిసెంబరులో ఎగుమతే నిషేధించారు. మంచి ధర వచ్చిన ప్రతిసారీ తొక్కిపట్టారు. ధర పడిపోయిన ప్రతిసారీ మార్కెట్ చూసుకుంటుందన్నారు. 2018 బడ్జెట్‌లో టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసమని ఆపరేషన్ గ్రీన్స్ పేరుతో 500 కోట్లు ప్రకటించారు. ఐదేళ్లకు, 2023 సెప్టెంబరులో, ఆ పథకం మన మార్కెట్ యార్డులో ఎక్కడ కనిపించింది?

రిజర్వు బ్యాంకు పరిశోధకులే 2024లో తేల్చారు. కొనేవాడు టమాటాకు రూపాయి ఇస్తే రైతుకు అందేది 33 పైసలు. ఉల్లికి 36, ఆలుగడ్డకు 37. ఇది కూరగాయల కొట్టు లెక్క. పిజ్జాలో పడేది గుప్పెడు టమాటా. అందులో మన వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి. టమాటా 200 ఉన్నా, 5 ఉన్నా పిజ్జా ధరలో మనకు దక్కేది చిల్లరే. కాబట్టి మనకు న్యాయమైన ధర ఇస్తే పట్నం వాడు తిండి కొనలేడన్న వాదన శుద్ధ అబద్ధం.

మనలో ఉన్న పొరపాటు మాట

మనలో కొందరు సోదరులు "పోనీలే, ఆ జంకు తిండి పోతే పీడా పోయింది" అంటారు. ఆరోగ్యం మాట నిజమే, రోజూ తినే తిండి కాదది. కానీ కంపెనీ అమ్మకం పడిపోతే కంపెనీ యజమాని పస్తుండడు. దెబ్బ కిందికి జారుతుంది. ఆ బరువు మోసేది సరుకు అమ్మేవాడు, దుకాణంలో పనిచేసేవాడు, బండి మీద పిజ్జా మోసేవాడు. బెంగళూరు, హైదరాబాదు రోడ్ల మీద సంచి తగిలించుకుని ఉరికే ఆ పిల్లల్లో మన ఊరి పిల్లలెందరో ఉన్నారు. సేద్యం గిట్టక, బోరు ఎండి, అప్పు తీర్చడానికి పోయినవాళ్లు. ఒకప్పుడు 30 నిమిషాల్లో అని చెప్పిన పిజ్జా కొన్ని నగరాల్లో ఇప్పుడు 20 నిమిషాలకు వచ్చింది. ఆ మిగిలిన పది నిమిషాలు ఎవరి ప్రాణం మీదికి తెచ్చి మిగిల్చారు?

ఇంకో మాట. 2020 డిసెంబరులో ఢిల్లీ సరిహద్దు సింఘు దగ్గర ఉద్యమంలో ఉన్న రైతులకు పంజాబు యువకులు పిజ్జాలు పంచితే, "వీళ్లేం రైతులు, పిజ్జా తింటున్నారు" అని ఎంత ఎగతాళి చేశారో గుర్తుందా? గోధుమ పండించినవాడు, పాలు పితికినవాడు పిజ్జా తింటే తప్పట! రైతంటే చినిగిన బట్టతో, గంజి నీళ్లతోనే ఉండాలన్నది వాళ్ల లెక్క. మనం ఆ లెక్కను ఒప్పుకోం. రైతు పిల్ల పుట్టినరోజున పిజ్జా అడిగితే కొనిపెట్టగలిగే స్థితి రావాలి. వద్దనుకుంటే మానేయాలి, లేక మానేయకూడదు.

ఏం కావాలి, ఏం చేయాలి?

ఆ ఉద్యమమే మూడు నల్ల చట్టాలను వెనక్కి తీసుకునేలా చేసింది. 2021 నవంబరు 19న ప్రధాని ఆ మాట ప్రకటించారు. కానీ మద్దతు ధరకు చట్టం రాలేదు. 2022 జూలైలో కమిటీ వేశారు, అంతే. ఈ లోపల మన జేబు ఖాళీ అవుతూనే ఉంది, పట్నంలో దుకాణాలు బోసిపోతూనే ఉన్నాయి. కంపెనీలకు 2019 సెప్టెంబరులో పన్ను 30 శాతం నుంచి 22కు తగ్గించారు. కొనేవాడి చేతిలో డబ్బు లేకుండా అమ్మేవాడికి రాయితీ ఇస్తే సరుకు కదులుతుందా?

మన డిమాండ్లు ఇవి.

ఒకటి, స్వామినాథన్ చెప్పినట్టు సమగ్ర ఖర్చు మీద 50 శాతం కలిపి మద్దతు ధరకు చట్టం చేయాలి.

రెండు, కూరగాయలకూ కనీస ధర ఉండాలి. కేరళ 2020 నవంబరు 1 నుంచి 16 రకాల పంటలకు ఇది మొదలుపెట్టింది. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? ధర పెరిగితే వచ్చే నాఫెడ్ లారీ ధర పడినప్పుడు కూడా రావాలి.

మూడు, టమాటా పండే చోటే గుజ్జు తీసే ఫ్యాక్టరీలు రైతు సహకార సంఘాల చేతిలో పెట్టాలి. పిజ్జా కంపెనీలు, హోటళ్లు మన గుజ్జు కొనాలంటే రాతపూర్వక ఒప్పందం, ముందే చెప్పిన ధర ఉండాలి.

నాలుగు, మార్కెట్ యార్డుల్లో జాక్‌పాట్ దోపిడీ ఆపాలి. చట్టం కంటే పైసా ఎక్కువ కమీషన్ తీసుకున్నా లైసెన్సు రద్దు చేయాలి.

ఐదు, ఉపాధి కూలీలకు, బండి మీద తిండి మోసే పిల్లలకు బతకగలిగే వేతనం, ప్రమాద బీమా గ్యారంటీ చేయాలి.

ఇక మనం చేయాల్సిందీ ఉంది. పక్కవాడికి ధర వచ్చిందని అందరం ఒకే పంట మీద పడే అలవాటు మానాలి. గ్రామ కమిటీలో కూర్చుని ఎవరు ఎంత వేస్తున్నారో ముందే మాట్లాడుకోవాలి. మండీలో తూకం దగ్గర ఒక్కడుగా నిలబడకుండా పదిమందిగా నిలబడాలి. వచ్చే నెల మండల సమావేశాల్లో ఈ ఐదు డిమాండ్ల మీద సంతకాలు సేకరిద్దాం. పట్నంలో ఉన్న మన పిల్లల సంతకాలు కూడా తీసుకుందాం.

పిజ్జా పొయ్యి ఎందుకు చల్లారిందని కంపెనీలు మళ్లీ అడిగే రోజు వస్తుంది. ఉచిత డెలివరీ, 49 రూపాయల ధర అనే ఊదుడు గొట్టంతో ఆ పొయ్యిని ఎన్నాళ్లు ఊదుతారు? కట్టెలు మన ఊళ్లో ఉన్నాయి. రైతు ఇంట పొయ్యి వెలిగితేనే పట్నంలో ఏ పొయ్యి అయినా వెలుగుతుంది.

రైతు ఐక్యత వర్ధిల్లాలి!