గోదావరీ జలశుద్ధి: ధనభార మెవ్వరిది?

ధవళేశ్వరమువద్ద గోదావరిని విడిచి, కడియము, అనపర్తి, బిక్కవోలుల మీదుగా సామర్లకోటకు వచ్చి కాకినాడకు పోవు కాలువ నెరుగనివా రీ ప్రాంతమున లేరు. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్టవలన మనకు గల్గిన భాగ్యములలో నిది యొకటి. పొలమునకు నీరు, పడవకు దారి, ఊరికి త్రాగునీరు దీనివలన లభించినవి. పడవలు పోయినవి, తక్కిన రెండును నిలిచియున్నవి. కాని వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో గట్టుమీద నడచినవారికి దీని నాల్గవ ప్రయోజనము గూడ తెలియవచ్చును. ఊళ్ల మురుగును, సంతలచెత్తయు దీనిలోనే పడుచున్నవి. నీరు వదలిన పిమ్మట దుర్గంధ మణగును; మురుగు మాత్ర మెచ్చటికిని పోదు. మన వరిచేలలోనికిని, మంచినీటి చెరువులలోనికిని వచ్చుచున్నది.

ఈ దోషములో మన భాగ మెంత, పైవారి భాగ మెంత? త్ర్యంబకమున బుట్టి 1465 కిలోమీటర్లు ప్రవహించి సముద్రము జేరు నీ నదికి నాసిక, నాందేడు మొదలు రామగుండము, భద్రాచలము, రాజమహేంద్రవరము వరకు ఒడ్డుననున్న ప్రతి పట్టణమును మురుగు నర్పించుచున్నది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారు 2018లో దేశమునందు 351 కలుషిత నదీభాగములను గుర్తించిరి. వానిలో 53 మహారాష్ట్రములోనివే. నాసిక ప్రాంతపు గోదావరి అత్యంత కలుషితమగు మొదటి తరగతియందును, రాయనపేట మొదలు రాజమహేంద్రవరము వరకు గల గోదావరి చివరిదగు నైదవ తరగతియందును చేర్చబడినవి.

దీనిని జూచి, నది దారిలోనే శుద్ధియగుచున్నది గదా, మనకు భయమేలయని కొందరు సంతసింపవచ్చును. ఆ సంతోషమునకు మూలము ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదులు తెచ్చి కలుపు మంచినీరు. రబీలో మన డెల్టాకు సీలేరు విద్యుత్కేంద్రములు విడుచు నీ రెంత యాధారమో రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఉపనదులపై కట్టడములు పెరిగినకొలది ఆ మంచినీరు తగ్గును; పట్టణములు పెరిగినకొలది మురుగు హెచ్చును. ఈ లెక్కకు గణితశాస్త్రజ్ఞు లక్కరలేదు.

చట్టములకు కొరతలేదు. 1956నాటి నదీమండలుల చట్టము క్రింద ఇంతవరకు ఒక్క మండలియైనను ఏర్పడలేదు. 1969లో నియమింపబడిన గోదావరీ జలవివాద న్యాయస్థానము 1980లో తీర్పుచెప్పి, ఏ రాష్ట్రమునకెంత నీరో నిర్ణయించినది. ఆ నీ రెట్లుండవలెనను ప్రశ్న నాటి వాదములలో ప్రధానము కాలేదు. మంది యన్నము పంచుకొనువేళ మెతుకు లెంచిరి గాని, అన్నము పాచిపోయినదా యని చూడలేదు. రెండు మూడు రాష్ట్రములు కలిసి ఉమ్మడి మండలి నేర్పరచుకొనుటకు 1974నాటి జలకాలుష్య చట్టము అవకాశ మిచ్చియున్నది. దాని వ్యయముకొరకు 1977లో కర్మాగారములపైనను, పురపాలక సంఘములపైనను నీటి సుంకము విధింపబడినది. వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు, 2017లో, ఆ సుంకమును తీసివేసిరి. నదికని వేరుగ నుంచబడిన ఒక్క పైకమును ఇట్లు సర్వసాధారణపు బొక్కసములో గలిసిపోయినది.

ఇక గంగమాట. 2014లో కేంద్రప్రభుత్వము నమామి గంగే యను పేర 20,000 కోట్ల రూపాయల ప్రణాళిక నారంభించి, వ్యయమంతయు తానే భరింతునన్నది. ఇది సత్కార్యము, మేము దీనికి అసూయపడము. కాని ఇతర నదుల విషయమున కేంద్రము నూటికి 60, రాష్ట్రములు 40 భరింపవలెనట! దక్షిణగంగయని సంకల్పములో చెప్పుకొనుటకు గోదావరి పనికివచ్చును. ఖజానా తెరచునప్పు డాబంధుత్వము గుర్తునకు రాకున్నది.

అంతకంటె ముఖ్యమైన విషయ మొకటి గలదు. యంత్రములు కట్టుటకు ధన మిచ్చువారు, వానిని నడుపుటకు ఈయరు. కేంద్రమండలివారి 2020-21 లెక్కలప్రకారము దేశములోని పట్టణములలో దినమునకు 72,368 మిలియను లీటర్ల మురుగు పుట్టుచున్నది. స్థాపించిన శుద్ధియంత్రముల శక్తి 31,841 మిలియను లీటర్లు. నిజముగ శుద్ధియైనది 20,236. అనగా కట్టిన యంత్రములలో మూడవవంతునకు మించి వ్యర్థమగుచున్నది. ప్రారంభోత్సవమునకు మంత్రు లందరును వత్తురు. కరెంటు బిల్లు వచ్చునాటికి పురపాలక సంఘ మొక్కటియే మిగులును.

ఐరోపాలోని రైను నది కథ మనవారు వినదగినది. ఫ్రాన్సులోని పొటాషుగనుల యుప్పు ఆ నదిలో గలిసి హాలండునకు వచ్చుచుండెను. హాలండులో మొక్కలు పెంచి యమ్ము తోటవా రొకరు, నీరు చెడి నష్టపోతిమని గనులవారిపై దావా వేయగా, నష్టము గల్గినచోటనే దావా వేయవచ్చునని ఐరోపా న్యాయస్థానము 1976 నవంబరులో తీర్పు చెప్పినది. కడియపు తోటలవా రీ సంగతి మనసున నుంచుకొందురుగాక! మరుమాసముననే ఆ దేశము లొక యొడంబడిక చేసికొన్నవి. ఉప్పు తగ్గించుటకగు వ్యయములో ఫ్రాన్సు 30, జర్మనీ 30, స్విట్జర్లండు 6 పాళ్లు, బాధపడిన హాలండు 34 పాళ్లు భరించుటకు సమ్మతించినవి. ఇది ధర్మమా? చెరచినవాడు చెల్లింపవలసియుండగా చెడిపోయినవా డేల చెల్లింపవలెను? ఫ్రాన్సులో దానికి ఆమోదము దొరకుటకు ఏండ్లు పట్టినది. అయినను ధన మిచ్చినవానికి లెక్క యడుగు నధికారము వచ్చినది. 1986లో బేసిలువద్ద రసాయనముల గిడ్డంగి తగులబడి విషము నదిలో గలసిన పిమ్మట కార్యక్రమము మరింత ముమ్మరమైనది. కొంతకాలమునకు సాల్మను చేపలు తిరిగి వచ్చినవి. అమెరికాకూడ, మెక్సికోనుండి తిహువానా నదిలో వచ్చు మురుగునకై 2020నాటి చట్టమున 30 కోట్ల డాలర్లు కేటాయించినది. సరిహద్దు కావలనున్న మురుగుకొరకు తన ప్రజల పన్ను వెచ్చించుట దాతృత్వము గాదు, ఆత్మరక్షణ.

కనుక గోదావరికొక యుమ్మడినిధి యేర్పడవలెను. కేంద్రము గంగకిచ్చినరీతిని యంత్రనిర్మాణ వ్యయమంతయు భరింపవలెను. నడుపు వ్యయమును రాష్ట్రములు తాము నదిలోనికి వదలు మురుగు పరిమాణమునుబట్టి పంచుకొనవలెను. ప్రతి సరిహద్దువద్దను నీటిని పరీక్షించి, ఆ పరీక్షాఫలమును బట్టియే తరువాతి వాయిదా పైకము నీయవలెను; పరీక్షించువారిలో దిగువ రాష్ట్రపు ప్రతినిధి యుండవలెను. ఇందులకు మనమును కొంత పన్ను నీయవలసివచ్చును. నీటితీరువ మాట యెత్తగానే మన భూస్వాములకు గలుగు కోపము మే మెరుగుదుము. మంచి నీటికి తీరువ యిచ్చుటకు మన పెద్ద లెన్నడును వెనుదీయలేదు. మురుగునకు తీరువ యిచ్చుచుండుట నేటి మన వింత.

2027లో పుష్కరములు రానున్నవి. బృహస్పతి సింహరాశియందున్న కాలమే నాసికలో సింహస్థమునకును, ఇచ్చట పుష్కరమునకును కారణము. రెండు రాష్ట్రములును రేవులకును, మెట్లకును, దీపములకును కోట్లు కేటాయించును. ఆ పైకములో నెంతభాగము మురుగుకాలువల కుద్దేశింపబడినదో శాసనసభ్యులు ఇప్పుడే యడుగవలెను. స్నానదినమునాడు అడిగిన లాభములేదు.

దిగువవారమని మనము మొరపెట్టుచుండగా మనకును దిగువవారున్నారు. రాజమహేంద్రవరపు మురుగు గౌతమివెంట యానామునకు పోవును. 1954 వరకు యానాముపై ఫ్రెంచి జెండా యుండెను. నేటికిని అది పుదుచ్చేరిలోనిదే. సామర్లకోట మురుగునకు కాకినాడ దిగువ. నాసికవారి నడుగదలచిన ప్రశ్నలను యానామువారు మన నడిగినచో, మన పురపాలక సంఘముల దస్త్రములలో చూపదగిన కాగిత మొక్కటి యైనను గలదేమో ముందుగ వెదకి యుంచుట మేలు.