వయసు మీఱిన ఆటగానిని జట్టులో నిలుపుకొనవలెనా?

మన పాఠశాల పూర్వవిద్యార్థుల హాకీ జట్టులో ఈ సంవత్సరమొక వాదము పుట్టినది. ఇరువది యేండ్లకు పైగా సెంటరు హాఫు స్థానమున ఆడుచున్న యొక ఆటగానిని వచ్చు సంవత్సరమునకు మరల చేర్చుకొనవలెనా, వలదా యనునదే ఆ వాదము. ఆయనకు నలువది రెండేండ్లు నిండినవి. గోదావరిఖని బొగ్గుగనులలో పని. రాత్రి షిఫ్టు ముగించుకొని, కన్నులకు కాటుక దిద్దినట్లు బొగ్గునుసి యింకను అంటియుండగనే, కఱ్ఱ చంకను బెట్టుకొని బస్సు దిగి మైదానమునకు వచ్చుట మేమనేక పర్యాయములు చూచితిమి. ఆయన స్థానమును కోరుచున్న బాలుడు మన బడిలోనే చదువు ముగించి యిప్పుడు ఇంటర్మీడియెటులో నున్నాడు, మంచిర్యాలవాడు, రెండేండ్లుగా గీత వెలుపల బల్లమీద కూర్చుండి పెద్దవారి నీళ్ల సీసాలకు కావలి కాయుచున్నాడు. 2016వ సంవత్సరమున కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలు పలు జిల్లాలుగ చీలినను, మన జట్టు మాత్రము ఆ రెండు జిల్లాల బిడ్డల జట్టుగనే నిలిచియున్నది. కావున తగవు మైదానముతో ఆగక అనేక గృహములకు ప్రాకినది. తలిదండ్రులు కొందఱు మా యభిప్రాయ మేమని యడిగిరి. దానిని ఈ పత్రికయందు వ్రాయుటయే మేలని తోచినది.

వలదనువారి మాటలను ముందుగ చెప్పుట న్యాయము. సెంటరు హాఫు జట్టునకు నడుము వంటివాడు. మనవారు దాడి సాగించునపుడు వారి వెంట పోవలెను. బంతి చేజాఱిన క్షణముననే వెనుకకు పరుగెత్తి గోలును కాపాడువారితో కలియవలెను. గడచిన సంవత్సరము మనము చివరి పావుగంటలో పోగొట్టుకొన్న గోలులను తలచుకొన్నచో, ఆయన వెనుకకు చేరకమునుపే బంతి మనలను దాటిపోయినది కొన్నిమాఱులు కాదు. ఇది కన్నులార చూచిన సంగతి. దాచుటవలన లాభము లేదు. మఱియు నేటి హాకీ కాళ్ల ఆటయైనది. 1976వ సంవత్సరమున మాంట్రియలు ఒలింపిక్ క్రీడలలో మొదటిసారిగ కృత్రిమపు గడ్డిపై ఆడించినప్పటినుండి బంతి వేగము హెచ్చినది, దానితోపాటు పరుగును హెచ్చినది. మన మైదానము మట్టిదే యైనను, మన బాలురు పోటీలకై హైదరాబాదు పోయినచో అట్టి గడ్డిమీదనే ఆడవలసి వచ్చును. ఆ పరుగునకు పదునెనిమిదేండ్ల కాళ్లు కావలెను గాని నలువది రెండేండ్ల కాళ్లు చాలవని వారందురు.

ఉండవలెననువారు చెప్పు సమాధానము మాకు తృప్తి నీయలేదు. "ఇన్నాళ్లు మనకొఱకు ఆడినాడు, ఎట్లు పొమ్మందుము?" అని వారి ప్రశ్న. జాలిగుణము మంచిదే. కాని జట్టు చొక్కా పింఛను కాదు. చేసిన మేలునకు సన్మానము చేయవచ్చును, పూలమాల వేయవచ్చును, చందా వేసి బహుమానము ఈయవచ్చును. పదునొకండు గురిలో నొకని స్థానమును మాత్రము కృతజ్ఞతగ నీయరాదు. అట్లిచ్చినచో ఆ మొదటి యవమానము ఆయనకే.

ఈ సందర్భమున నలువది రెండేండ్ల మఱియొక ఆటగాని కథ మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది. ధ్యాన్ చంద్ పేరు వినని విద్యార్థి మన బడిలో నుండడు. ఆయన 1905వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన పుట్టెను. ఆమ్‌స్టర్‌డాములో 1928లోను, లాస్ ఏంజెలీసులో 1932లోను, బెర్లినులో 1936లోను భారత జట్టునకు స్వర్ణపతకములు తెచ్చినవారిలో ముఖ్యుడు. బెర్లిను తుదిపోటీలో జర్మనీని 8-1 గోలులతో ఓడించిన జట్టునకు ఆయనయే నాయకుడు. పిమ్మట మహాయుద్ధము వచ్చెను. 1940, 1944 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలు జరుగనేలేదు. యుద్ధము ముగియునప్పటికి ధ్యాన్ చంద్ నలువదేండ్లవాడు. ఇక పడుచువారు రావలెనని ఆయనయే తలంచెను.

అట్టి సమయమున 1947లో తూర్పు ఆఫ్రికానుండి ఒక ఆహ్వానము వచ్చెను. భారతజట్టును పంపుడు, కాని ధ్యాన్ చంద్ ఆ జట్టులో నుండవలెనని వారి షరతు. మన హాకీ సమాఖ్య అంగీకరించి ఆయననే నాయకునిగ పంపెను. ఆయన ఓడయెక్కి పోయినది పేరు చూపించుటకు మాత్రమే యని యనుకొన్నవారుండినచో వారు సిగ్గుపడవలసి వచ్చెను. ఆ యాత్రలో 22 పోటీలలో ఆయన కొట్టిన గోలులు 61 అని లెక్క. ఆ యాత్రలోనే ఆయన ప్రక్కన ఆడిన పడుచువారిలో కె. డి. సింగ్ బాబు ఒకడు. 1952లో హెల్సింకీలో స్వర్ణపతకము గెలిచిన జట్టునకు ఆ బాబుయే నాయకుడయ్యెను. పెద్దవాని ప్రక్కన పరుగెత్తి నేర్చుకొన్న విద్య ఏ పుస్తకములోను దొరకునది కాదు. ఈ సంగతి మన డ్రిల్లు మాస్టరుగారు మాకంటె బాగుగ చెప్పగలరు.

అయితే ఈ కథను ఇక్కడనే ఆపి "చూచితిరా, నలువది రెండేండ్లవాడును ఆడగలడు!" అనువారున్నారు. వారు సగము కథయే చెప్పుచున్నారు. తక్కిన సగము 1948లో జరిగెను. ఆఫ్రికానుండి తిరిగివచ్చిన పిమ్మట లండను ఒలింపిక్ క్రీడలకు జట్టు సిద్ధమగుచుండెను. ధ్యాన్ చంద్ ఆ జట్టులో లేడు. దాని కెదురుగ నిలిచిన మఱియొక జట్టునకు నాయకుడై యుండెను. ఆ పోటీలో ఒలింపిక్ జట్టు 2-1 గోలులతో గెలిచెను. ఓడినవారి యొక్క గోలును కొట్టినవాడు ధ్యాన్ చందే. కొన్ని నెలలకు, ఆగస్టు 12వ తేదీన, ఆ పడుచు జట్టు లండనులో బ్రిటను జట్టును 4-0 గోలులతో ఓడించి, స్వతంత్ర భారతమునకు మొదటి స్వర్ణపతకము తెచ్చెను.

ఈ రెండు సంగతులను కలిపి చదువవలెనని మా మనవి. కొన్ని నెలల వ్యవధిలో అదే మనుష్యుడు ఒకచోట ఉండవలసినవాడును, మఱియొకచోట దారి విడువవలసినవాడును ఆయెను. ఆయన వయసు మాఱలేదు. జట్టు పని మాఱినది. దారి విడిచిన తరువాత కూడ పడుచువారిని పరీక్షించు గీటుఱాయిగ ఆయన పనికివచ్చెను. ఆ యెదుటి జట్టులో ఆయన లేకయుండినచో, గెలిచినవారికి ఆ గెలుపు విలువ ఏమి తెలియును?

వయసును లెక్కపెట్టి తీర్పు చెప్పుట యెంత కష్టమో తెలుపుటకు మఱి రెండు మూడు సంగతులు చెప్పి విడిచెదము. ఉధమ్ సింగ్ ముప్పదియాఱేండ్ల వయసున 1964లో టోక్యోలో ఆడి స్వర్ణపతకముతో వచ్చెను. అది ఆయనకు నాలుగవ ఒలింపిక్సు. ధన్‌రాజ్ పిళ్ళై అదే ముప్పదియాఱేండ్ల వయసున 2004లో ఏథెన్సులో తన నాలుగవ ఒలింపిక్సు ఆడెను. జట్టు ఏడవ స్థానమున నిలిచెను. ఇద్దఱికిని వయసొకటే, ఫలము వేఱు. మంచుమీద ఆడు హాకీలో గోర్డీ హోవె యను కెనడా ఆటగాడు 1971లో ఆట మానివేసి, రెండేండ్లకు తన కుమారులతో కలిసి ఆడుటకు మరల వచ్చి, 1979-80 సంవత్సరపు పోటీలలో ఏబదిరెండవ యేట అడుగిడి 80 పోటీలును ఆడి 15 గోలులు కొట్టెను. ఇది మన బాలురకు కట్టుకథవలె తోచవచ్చును, కాని నిజము. అయినను అట్టివా రెందఱు?

పి. ఆర్. శ్రీజేష్ సంగతి వేఱు. ఆయన గోలు కాపరి. కాపరికి పరుగుకంటె కన్నును, ధైర్యమును ముఖ్యము. అవి వయసుతో హెచ్చునేగాని తగ్గవు. 2024లో పారిసునకు పోకముందే ఇదియే తన కడపటి పోటీ యని ఆయన ప్రకటించెను. బ్రిటనుతో ఆడినపుడు మనవారు చాలసేపు పదిమందితోనే ఆడవలసివచ్చినను, గోలు ముందు ఆయన నిలువబడుటచేత జట్టు నిలిచినది. ఆగస్టు 8వ తేదీన స్పెయినుపై 2-1 గెలిచి కాంస్యపతకముతో సెలవు పుచ్చుకొనెను. ఆయన ధరించిన 16వ సంఖ్యను మఱి యెవ్వరికిని ఈయమని హాకీ ఇండియావారు నిశ్చయించిరి. శిఖరమున నున్నపుడే దిగవలెనని మన పూర్వవిద్యార్థులు కొందఱు ఈ యుదాహరణమును చూపుచున్నారు. మేము ఒప్పుకొనుటలేదు. దిగుట ఆయన యిష్టమున జరిగినది. ఒకడు తానుగ దిగుట వేఱు, పదిమంది చేరి క్రిందికి లాగుట వేఱు.

పెద్ద జట్లలో ఈ ప్రశ్న ధనముతో తేలును. మన రాజధాని పేరు ధరించిన హైదరాబాదు తూఫాన్సు జట్టు 2025 ఫిబ్రవరి 1వ తేదీన హాకీ ఇండియా లీగు తుదిపోటీలో బెంగాలు టైగర్సు చేతిలో 4-3 గోలులతో ఓడిన సంగతి మీరెఱుగుదురు. అట్టి జట్లవారు ఆటగాండ్రను వేలములో కొందురు. ఎవరిని నిలుపుకొనవలెను, ఎవరిని విడువవలెను అనునది చేతిలోని పైకము చూచి తేల్చుకొందురు. మన జట్టు పెట్టెలో పైకము లేదు. బస్సు ఛార్జీలకే చందాలు వేసికొనుచున్నాము. అందువలన మనము న్యాయమును గూర్చి యోచించుటకు తీరిక కలదు.

ఇక మా యభిప్రాయము. ఆయనను ఇంకొక సంవత్సరము నిలుపుకొనవలెను. కాని గడచిన సంవత్సరములవలె కాదు. ధ్యాన్ చంద్ కాలమున ఆటగానిని నడుమ మార్చు నియమము లేదు. దిగినవాడు కడదాక ఆడవలెను. నేడు ఎన్నిసార్లైన మార్చుకొనవచ్చును. ఆటయు పదునైదేసి నిమిషముల నాలుగు భాగములైనది. ఈ నియమములు మన తగవునకు సగము పరిష్కారము చూపుచున్నవి. మన జట్టువారు వానిని వాడుకొనకపోవుట మాకు వింతగ నున్నది. మొదటి భాగమును, మూడవ భాగమును బాలుడు పరుగెత్తవలెను. ఎదుటివారు అలసి, ఆట చిక్కుపడి, ఎవరికి బంతి నందీయవలెనో తోచని వేళ పెద్దాయన దిగవలెను. ఆయన కాళ్లు తగ్గినవేమో గాని చూపు తగ్గలేదు. ఎడమ ప్రక్కకు చూచుచు కుడి ప్రక్కకు బంతి నంపు ఆ నేర్పు మన జట్టులో మఱియొకనికి లేదు. పెనాల్టీ కార్నరులలో గోలుగీత మీద నిలుచుటకు ఆయనకంటె నిబ్బరము గలవానిని మేము చూడలేదు. మఱియు మన మట్టి మైదానమున, ఆదిలాబాదు రేగడినేల తడిసి ఆరిన తరువాత, బంతి యెటు గెంతునో ఎవ్వరికిని తెలియదు. ఆయనకు మాత్రము తెలియును.

బాలుని సంగతి యేమని వాని తండ్రి మమ్ముల నడిగెను. ఆయన ప్రశ్నయందు కోపము లేదు. అందుచేతనే మాకు ఎక్కువ నొప్పి కలిగినది. రెండేండ్లు బల్లమీద కూర్చుండబెట్టుట తప్పు. ఆ తప్పులో మాకును పాలు కలదు, ఏలయన మేమును సంఘమున కూర్చుండి తలయూపితిమి. పడుచువానికి పదునెనిమిదవ యేడు రెండుసార్లు రాదు. వాడు విసిగి కఱ్ఱను అటకమీద పడవైచినచో, మూడేండ్ల తరువాత పెద్దాయనయు లేక, వాడును లేక, నడుము లేని జట్టుతో మనము కరీంనగరమునుండి నిర్మలు దాక తలవంచుకొని తిరుగవలసివచ్చును.

చివరకు మాకు మిక్కిలి ముఖ్యముగ తోచిన సంగతి యొకటి కలదు. ఏ తీర్పైనను ఆయన ముఖమున చెప్పవలెను. మన ప్రాంతపు జట్లలో ఒక చెడ్డ వాడుక పాతుకొన్నది. వలదనుకొన్న ఆటగానికి కబురు పంపరు. కాగితము గోడకు అంటింతురు. అందులో వాని పేరుండదు. వాడు వచ్చి చదువుకొని, ఎవ్వరితోను మాటాడక తిరిగిపోవును. ఇరువది యేండ్లు ఆడినవానికి ఇట్లు చేయుట తగునా? మేము ఆయనను కలిసి సంగతి కదపినపుడు ఆయన చెప్పిన మాటను ఆయన నోట వచ్చినట్లే యిచ్చుచున్నాము: "నన్ను తీస్కోకుంటె తీస్కోకున్రి గని, ముందుగాల ఒక్క మాట చెప్పున్రి సార్. షిఫ్టు మార్పిచ్చుకొని వస్తున్న గద."

ఈ మాట వినిన పిమ్మట సంఘమువారు మా సూచన నొకదానిని అంగీకరించిరి. జూను నెలలో బడి తెఱచిన తరువాత, వానలకు మైదానము బురద కాకమునుపు, ఒక శనివారము సాయంకాలము జట్టు రెండుగ చీలి ఆడును. ఒక ప్రక్క సెంటరు హాఫు బాలుడు, మఱియొక ప్రక్క పెద్దాయన. పట్టిక గోడకు అంటింపక, ఆట ముగిసిన తోడనే మైదానమునందే అందఱి యెదుట చదువబడును. పెద్దాయన షిఫ్టు మార్పించుకొనుటకై తేదీని పదునైదు దినములు ముందుగ తెలుపుటకును ఒప్పుకొనిరి. ఈల ఊదు పని మాకు అప్పగించిరి. బాలుడు సెలవులలో ప్రతిదినము ఉదయము మానేరు కట్టమీద పరుగెత్తుచున్నాడని వినుచున్నాము. పెద్దాయన తన పాత కఱ్ఱకు క్రొత్త పట్టీ చుట్టించుకొనెనట.