మంచమున పడిన కార్మికుడు

రెక్కాడినగాని డొక్కాడదని మనవారి సామెత. దీని సత్యమును హైదరాబాదు నగరమందలి సనత్‌నగరు వాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1942లో స్థాపితమైన ఆల్విన్ మొదలుగా పెక్కు కర్మాగారములు ఆ పేటకు జీవము పోసినవి. ఆల్విన్ నేడు లేదు. కాని కార్మికులకొరకు వెలసిన ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. 2016లో అచ్చట వైద్యకళాశాలయు ఆరంభమైనది. 1948 నాటి చట్టముతో పుట్టిన ఈ బీమా ధర్మసత్రము కాదు. 2019 జూలై నుండి కార్మికుడు తన వేతనములో నూటికి 0.75 వంతును, యజమాని 3.25 వంతును చెల్లించు ఏర్పాటున్నది. కావున చికిత్స కార్మికుని హక్కు. ఆ హక్కులో మందును శస్త్రచికిత్సయునే కాక, అతని కాలుసేతుల కదలికయు చేరియున్నదా? ఇదియే మన ప్రశ్న.

పక్షవాతము వచ్చియో, తుంటి విరిగియో ఒక కార్మికుడు మంచమున పడెననుకొందము. వైద్యుడు ప్రాణము నిలిపెను. బంధువులు “కదల్పకుడు, విశ్రాంతిగ నుండనిండు” అని కావలి కాతురు. ఇది ప్రేమయే, కాని అపాయకరమైన ప్రేమ. కదలక పరుండినచో ఆరోగ్యవంతుడైనను ఒక్క వారములో తన కండల సత్తువలో ఇంచుమించు పదియవ వంతును కోల్పోవును. రోగికి నడుమునందును మడమలయందును పడకపుండ్లు పుట్టును. కాళ్ల సిరలలో రక్తము గడ్డకట్టవచ్చును. ఊపిరితిత్తులలో కఫము నిలుచును. కీళ్లు బిగియును, వ్రేళ్లు ముడుచుకొనును, పాదము క్రిందికి వ్రాలిపోవును. తుదకు ఇల్లు చేరువాడు బ్రతికినవాడే. కాని అతని చేయి పనిముట్టు పట్టజాలదు. పడకయందలి ఈ ప్రమాదములను గూర్చి రిచర్డు ఆషరు అను ఆంగ్ల వైద్యుడు 1947లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాసి హెచ్చరించియుండెను.

దీనికి కావలసినది ఖరీదైన యంత్రము కాదు, పని తెలిసిన చేయి. రోగిని ఇంచుమించు రెండు గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పవలెను. భుజము, మోచేయి, మణికట్టు, వ్రేళ్లు, తుంటి, మోకాలు, చీలమండ—ఒక్కొక్క కీలును పైనను క్రిందను ఆనించి పట్టి, మెల్లగ దాని సహజమైన మేరవరకు కదల్చి, నొప్పి తోచినచోట ఆగవలెను. దినమునకు రెండు మూడు మారులు ఇట్లు చేయవలెను. చచ్చుబడిన చేతిని పట్టి లాగి రోగిని లేపరాదు. భుజపు కీలు చెడును. ఇతరులు కదల్చుట కీలు బిగియకుండుటకు తోడ్పడునేగాని కండకు బలమీయదు. కావున కూర్చుండుట, నిలుచుట, నాలుగడుగులు వేయుట—రోగి తాను చేయగలిగినది తానే చేయవలెను.

అయినను తొందర తగదు. పక్షవాతము వచ్చిన తొలి 24 గంటలలోనే రోగిని మాటిమాటికి లేపి నడపించుట మేలునకు మారుగా కీడు చేయవచ్చునని 2015లో వెలువడిన పరిశోధన తెల్పినది. ఎముక విరిగినచోటను, సిరలో రక్తము గడ్డకట్టినచోటను వైద్యుని అనుజ్ఞ లేనిదే కదల్పరాదు.

ఇది ఫిజియోథెరపిస్టుల పని గదా యని కొందరందురు. ఆయన వచ్చునది దినములో కొంతసేపు. మిగిలిన గడియలన్నియు రోగి నర్సు రక్షణలోనే యుండును. ఒక్క నర్సుపై పెక్కు మంచముల భారమును, రిజిస్టర్ల భారమును మోపి, ఆమె రోగి చేయి కదల్చలేదని నిందించుట న్యాయము కాదు. మొదట నర్సుల సంఖ్య పెరుగవలెను. మందును వ్రాసినట్లే అవయవచాలనమునకును వేళ నిర్ణయించి రోగి పత్రమున వ్రాయవలెను. ఇంటికి పంపుటకు ముందు భార్యకో కుమారునికో ఈ పనిని చూపి, వారిచేత చేయించి నేర్పవలెను.

సనత్‌నగరునకు చేరువనే, పంజాగుట్టయందలి నిమ్సు తొలుత ఎముకల ఆసుపత్రిగనే పుట్టినది. ఈ విద్య మనకు క్రొత్తది కాదు, కొరతయైనది శ్రద్ధయే. పనిలో గాయపడి వికలాంగుడైనవానికి సొమ్ము చెల్లించు విధియు ఈ బీమాలో కలదు. అది మంచిదే. కాని పోయిన రెక్కకు వెల కట్టి యిచ్చుటకంటె, ఉన్న రెక్కను ఆడునట్లు నిలుపుట కార్మికునకును దేశమునకును మేలు.