కంటిపుండుకు కాంతి చికిత్స ఎప్పుడు?

పొలం పనుల్లో వరి ఆకు కంటికి గీసుకుంటే చాలు, కార్నియాపై పుండు పడొచ్చు. అందులో ఫంగస్ చేరితే చుక్కల మందుకు ఓ పట్టాన లొంగదు. కంట్లో పువ్వేసి చూపే పోతుంది.

ఇలాంటి మొండి పుండ్లకు అమెరికాలోని మయామీలో ఉన్న బాస్కమ్ పామర్ నేత్ర వైద్య సంస్థ కాంతిని ప్రయోగించింది. రోజ్ బెంగాల్ అనే రంగుతో పుండును తడిపి, దానిపై ఆకుపచ్చ కాంతి ప్రసరింపజేస్తారు. అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ క్రిములను ఛిద్రం చేస్తుంది. 2019లో వెలువడిన 18 మంది ఫలితాల్లో 72 శాతం మందికి కార్నియా మార్పిడి తప్పింది. అయితే పోల్చి చూసేందుకు ఈ చికిత్స ఇవ్వని మరో బృందం అందులో లేదు.

అది చిన్న లోపం కాదు. రైబోఫ్లేవిన్, అతినీలలోహిత కాంతితో చేసే చికిత్సపైనా ఇలాగే ఆశలు పెట్టుకున్నారు. దాన్ని ఫంగస్ పుండ్లపై అరవింద్ కంటి ఆస్పత్రిలో పోల్చి పరీక్షిస్తే, 2020లో వచ్చిన ఫలితాల్లో మేలు కనిపించలేదు. పైగా ఆ చికిత్స పొందినవారి చూపు మరింత తగ్గింది.

కాబట్టి కాంతి చికిత్సను పెద్దాస్పత్రుల్లో, మందులు ఫలించని రోగులకు, పకడ్బందీ పరిశోధనలో భాగంగానే ఇవ్వాలి. ఈలోగా ప్రభుత్వాలు చేయాల్సింది చాలా ఉంది. పుండును గీకి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష, ఫంగస్‌ను చంపే నాటమైసిన్ చుక్కలు ఏరియా ఆస్పత్రుల్లో తప్పక దొరకాలి. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపుల్లో, ఇలాంటి పుండును ముదరబెట్టే స్టెరాయిడ్ చుక్కల అమ్మకాన్ని కఠినంగా అడ్డుకోవాలి.